శ్రావణం లోపు మదర్‌బోర్డు: నాన్న డీటీపీ సిస్టమ్ డైరీ

జూలై 4, రాత్రి

నల్గొండలో క్లాక్ టవర్ దగ్గరి నాన్న డీటీపీ షాపు, అంటే పెళ్లి పత్రికలు కంప్యూటర్‌లో కొట్టి ప్రింటు తీసే షాపు, అంతా ఒక్క సిస్టమ్ మీదే నడుస్తుంది. 2012 చివర్లో అసెంబుల్ చేయించింది. కోర్ ఐ5-3470 ప్రాసెసర్, హెచ్61 చిప్‌సెట్ (డిస్కు, యూఎస్‌బీ లాంటి వాటిని నడిపే చిప్) ఉన్న బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యాములు రెండు, 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 7. పొద్దున నాన్న షటరు తీసి, దీపం పెట్టి, పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే.

సాయంత్రం నేను వెళ్లేసరికి కుర్చీ వెనక్కి జరిపి కూర్చుని ఉన్నాడు. "ఆషాఢం కాబట్టి సరిపోయింది రా. శ్రావణం పడితే ఒక్క పూట కూడా ఆగే పని కాదు" అన్నాడు. 25న శ్రావణం మొదలు. అంటే చేతిలో మూడు వారాలు. ఈ డైరీ అందుకే మొదలుపెట్టాను. ఏం చూశానో, ఏం కొన్నానో, ఎందుకు కొన్నానో ఏ రోజుది ఆ రోజు రాసుకుంటాను.

జూలై 5

ముందు చచ్చింది ఏదో తేల్చుకోవాలి. మదర్‌బోర్డు అని అనుకుని కొనేశాక, సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టె, అదే ఎస్‌ఎంపీఎస్, పోయిందని తెలిస్తే డబ్బులు దండగ.

ఎస్‌ఎంపీఎస్ బయటికి తీశాను. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునూ పక్కనున్న నల్ల వైరునూ పేపర్ క్లిప్‌తో కలిపితే బోర్డు లేకుండానే ఆన్ అవుతుంది. ఖాళీగా కొలిస్తే కొలత నమ్మలేం కాబట్టి ఒక పాత హార్డ్ డిస్కు, ఒక ఫ్యాన్ తగిలించాను. మల్టీమీటరులో పసుపు వైరు 12.1, ఎరుపు 5.05, నారింజ 3.3. అయిదు శాతం అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, ఇవి దాదాపు నిక్కచ్చిగా ఉన్నాయి. అయినా మనసు ఒప్పక మా ఇంటి సిస్టమ్‌లోని ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టాను. అదే అర చుట్టు. ఇక ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం లేదు.

తర్వాత ర్యాములు రెండూ తీసేసి, చిన్న స్పీకరు తగిలించి ఆన్ చేశాను. బోర్డులో ప్రాణం ఉంటే ర్యాము లేదని బీప్‌లు కొట్టాలి. చప్పుడే లేదు. బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి పది నిమిషాలాగి పెట్టినా అంతే.

అసలు సంగతి వేలికి తెలిసింది. పవర్ బటన్ నొక్కకుండా, వైరు మాత్రం ప్లగ్గులో పెట్టి ఉంచాను. అప్పుడు బోర్డుకు అందేది స్టాండ్‌బై 5 వోల్టులే, ఏదీ వేడెక్కకూడదు. కానీ చిప్‌సెట్ మీద ఉన్న చిన్న అల్యూమినియం హీట్‌సింక్ నిమిషంలోనే వేలు ఆనించలేనంత కాలిపోతోంది. చిప్ లోపలే షార్ట్ అయిందన్నమాట. కెపాసిటర్ ఉబ్బితే మార్చుకోవచ్చు. చిప్‌సెట్ మార్చడానికి చిప్‌ను ఊడదీసి మళ్లీ టంకం వేసే బీజీఏ మెషీన్ కావాలి, అదంతా చేసినా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. బోర్డు మార్చాల్సిందే.

ప్రాసెసర్‌ను పక్క వీధిలో రిపేరింగ్ చేసే దోస్తు దగ్గర వేరే బోర్డులో పెట్టి చూశాం. డిస్‌ప్లే వచ్చింది. బోర్డు కోసం వెతికేముందు ఈ ఒక్క పని చేసుకోవాలని ఎవరికైనా గట్టిగా చెప్తాను. ప్రాసెసర్ బాగుందని తెలియకపోతే తర్వాత ప్రతి బోర్డు మీదా అనుమానమే.

జూలై 6

తొలి ఏకాదశి. షాపు మూసి ఉంది. హార్డ్ డిస్కు ఇంటికి తెచ్చి, డిస్కుకు నకలు తీసే క్లోన్‌జిల్లా ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్కును 1 టీబీ డిస్కులోకి ఇమేజ్ తీశాను. డిస్కు ఆరోగ్యం బాగుంది, చెడిపోయిన సెక్టార్లు సున్నా. నాన్నకు ఫోన్ చేసి "అన్నీ ఉన్నాయి" అన్నాను. అటువైపు రెండు క్షణాలు మాట లేదు. తర్వాత "సరే, ఉపవాసం కదా, పండ్లు తిను" అన్నాడు.

జూలై 8

కొత్త సిస్టమ్ కొనేయరాదా అని ముగ్గురు అడిగారు. నేనూ ఒక పూట అదే ఆలోచించాను.

నాన్న పని పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7లో. టైపింగ్ తెలుగు కొట్టే అనూ స్క్రిప్ట్ మేనేజర్‌తో, ఆపిల్ కీబోర్డ్ లేఅవుట్‌లో. ఆయన వేళ్లకు వేరే లేఅవుట్ రాదు, రావాల్సిన పని కూడా లేదు. అనూ ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఆ డిస్కులో పాత సిస్టమ్ నుంచి తెచ్చుకున్నవీ కలిపి ఇరవై ఏళ్ల పెళ్లి పత్రికలున్నాయి. పెద్దకొడుకు పెళ్లికి పత్రిక కొట్టించినవాళ్లు ఎనిమిదేళ్లకు చిన్నకొడుకు పెళ్లికి వస్తారు. నాన్న ఊరి పేరుతో వెతికి పాత ఫైలు తీస్తాడు. ఇంటిపేరు, తాతల పేర్లు, మేనమామల పేర్లు అన్నీ అక్కడే ఉంటాయి. పెళ్లికూతురి వైపు వివరాలు, ముహూర్తం మారిస్తే సరి. కొన్నిసార్లు తాత పేరు ముందు 'కీర్తిశేషులు' చేర్చమంటారు.

ఇంకొకటి, ఎ3 లేజర్ ప్రింటరు. దానికి వెనకాల ప్యారలల్ పోర్టు, అంటే యూఎస్‌బీకి ముందు కాలపు ప్రింటర్ పోర్టు, ఒక్కటే ఉంది. స్క్రీన్ ప్రింటింగ్‌కు బటర్ పేపర్ మీద నల్లగా, చిక్కగా ప్రింటు తీసేది అదే. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబుల్ ఒకటి నిరుడు కొని చూశాం, పేజీ సగంలో ఆగిపోయేది.

ఇప్పుడు కొత్త ప్లాట్‌ఫామ్‌కు, అంటే హెచ్610 బోర్డు, 12వ తరం ఐ3, డీడీఆర్4 ర్యాముకు వెళ్తే మూడూ కొనాలి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకున్నది ఇంటెల్ 6వ తరం దాకానే. 12వ తరం గ్రాఫిక్స్‌కు విండోస్ 7 డ్రైవరే లేదు. ప్రాసెసర్ వేగం పెరుగుతుంది, నిజమే. కానీ పేజ్‌మేకర్‌కు ఇప్పుడున్న వేగమే ఎక్కువ. విండోస్ 7కు సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి, అదీ తెలుసు. అందుకే ఈ సిస్టమ్‌కు నెట్ కనెక్షన్ తీసేసి అయిదేళ్లు దాటింది. మెయిల్, వాట్సాప్ అన్నీ పక్కనున్న లాప్‌టాప్‌లోనే.

సెకండ్ హ్యాండ్ ఆఫీసు సిస్టమ్ కొనడం ఇంకో దారి. డెల్ ఆప్టిప్లెక్స్ 7010 లాంటివి సరిగ్గా ఇదే తరం ప్రాసెసర్‌తో దొరుకుతాయి, గట్టి మెషీన్లు. మొత్తం మెషీన్ కావాలంటే నేను ముందు వాటినే చూస్తాను. కానీ వాటిలోంచి బోర్డు మాత్రం తీసి మన క్యాబినెట్‌లో బిగిద్దామంటే కుదరదు. ముందు ప్యానెల్ కనెక్టర్లు వాళ్ల సొంత రకం. ఆ తర్వాతి 9020లో అయితే పవర్ కనెక్టరే 24 పిన్నులది కాదు, 8 పిన్నులది. లెనోవో ఎం93లో 14. ఆఫీసు సిస్టమ్ బోర్డు చవగ్గా ఉందని కొని, ఇంటికొచ్చాక ప్లగ్గు పట్టక తిప్పలు పడ్డవాళ్లను చూశాను.

కాబట్టి మన ప్రాసెసర్ కూర్చునే అదే ఎల్‌జీఏ 1155 సాకెట్ ఉన్న బోర్డు కావాలి. అందులోనూ విండోస్ మళ్లీ ఎక్కించకుండా పాత డిస్కు అలాగే లేచేది కావాలి. తర్వాత ప్యారలల్ పోర్టు. ఆ తర్వాతే మిగతావి.

జూలై 10

తొందరపడ్డాను. ఊళ్లోనే ఒక షాపులో కొత్త హెచ్61 బోర్డు, సీల్ డబ్బాలో, సంవత్సరం వారంటీతో 3,100 రూపాయలకు ఇస్తున్నారంటే తెచ్చేశాను. డబ్బా మీద కంపెనీ పేరు ఇంతకుముందు వినలేదు. కొత్తది, వారంటీ ఉంది అనే మాటకే ధైర్యం వచ్చింది.

ఇంట్లో అట్టముక్క మీద పరిచి, ప్రాసెసర్, ర్యాములు పెట్టి ఆన్ చేస్తే డిస్‌ప్లే వచ్చింది. అప్పుడు తీరిగ్గా బోర్డును చూశాను. ముందే చూసి ఉండాల్సింది. ప్యారలల్ పోర్టు వైరు తగిలించే పిన్నుల వరుస, అంటే హెడర్, లేదు. ప్రాసెసర్ పక్కన కరెంటును మలిచి ఇచ్చే భాగంలో, వీఆర్‌ఎం అంటారు దాన్ని, కాయిల్స్ మూడే ఉన్నాయి. చిప్‌సెట్ హీట్‌సింక్ ఒక వైపు పిన్ను సరిగా దిగక వాలి ఉంది. ఇంటెల్ ఈ చిప్‌సెట్ తయారీ ఆపేసి ఏళ్లయింది. కాబట్టి ఇప్పుడు కొత్తగా వచ్చే హెచ్61 బోర్డు మీద చిప్ ఎక్కడిదో ఒక పాత స్టాకుదో, పాత బోర్డు నుంచి ఊడదీసిందో అయి ఉండాలి. డబ్బా కొత్తదైనంత మాత్రాన లోపల అన్నీ కొత్తవి కావు.

రాత్రికి ర్యామును పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెట్టి పడుకున్నాను.

జూలై 11

పొద్దున లేచి చూస్తే స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. ర్యాములు ఒక్కొక్కటిగా, ఒక్కో స్లాటులో విడిగా పరీక్షించాను. మొదటి స్లాటులో ఏ ర్యాము పెట్టినా తప్పు లేదు. రెండో స్లాటులో ఏది పెట్టినా పది నిమిషాల్లో ఎర్రగీతలు. ర్యాములు మంచివే, స్లాటుదే దోషం.

డిస్‌ప్లే వచ్చింది కదా అని ఈ బోర్డు బిగించి ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే టెన్షన్ వచ్చింది. ర్యాము తప్పు చేస్తే కంప్యూటర్ వెంటనే ఆగిపోదు. ఫైలు సేవ్ చేసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం పాడవుతుంది. ఇరవై ఏళ్ల పత్రికల మీద అది జరగనివ్వగలమా?

జూలై 12

షాపుకు వెళ్లి మెమ్‌టెస్ట్ ఫొటోలు చూపించాను. డబ్బులు తిరిగి ఇవ్వం, వేరే వస్తువు తీసుకోండి అన్నారు. గంట మాట్లాడితే కూడా అంతే. చివరికి పైన కొంత వేసి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాను. అది ఎలాగూ పనికొస్తుంది.

జూలై 13

ఈసారి తొందర లేదు. కంప్యూటర్ సామాన్లు దొరికే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కే వెళ్లాలి. ఇవాళ ఆదివారం లష్కర్ బోనాలు, రేపు రంగం. ఆ రెండు రోజులూ ఆ చుట్టుపక్కల అడుగు తీసి అడుగు వేయలేం. బుధవారం వెళ్తాను.

ఈలోపు ఏ చిప్‌సెట్ అడగాలో తేల్చుకున్నాను. 1155 సాకెట్‌లో రెండు తరాలున్నాయి. 2011లో వచ్చిన 6 సిరీస్, 2012లో వచ్చిన 7 సిరీస్. మన ఐ5-3470 మూడో తరం ప్రాసెసర్. అది 7 సిరీస్ బోర్డులో ఏ బయోస్ (ఆన్ చేయగానే బోర్డును లేపే ప్రోగ్రామ్) ఉన్నా లేస్తుంది. 6 సిరీస్ బోర్డులో బయోస్ పాతదైతే లేవదు. బయోస్ ఎక్కించాలంటే ముందు రెండో తరం ప్రాసెసర్ ఒకటి పెట్టి లేపాలి. అది మన దగ్గర లేదు. పైగా బి65, క్యూ65, క్యూ67 చిప్‌సెట్‌లకు మూడో తరం అధికారికంగా లేనే లేదు. 6 సిరీస్‌లో ఇంకో సంగతి కూడా గుర్తుంది. 2011 జనవరి చివర్లో ఇంటెల్ తనంతట తానే ఆ చిప్‌సెట్‌లో లోపం ఉందని, డిస్కులు తగిలించే 3 జీబీపీఎస్ సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ బలహీనపడతాయని ప్రకటించి వెనక్కి తీసుకుంది. సరిచేసిన చిప్‌లు బి3 స్టెప్పింగ్‌వి, అంటే ఆ సవరణ తర్వాతి రకానివి. పాత పి67, హెచ్67 బోర్డు ఎవరైనా చూపిస్తే ఆ బి3 ముద్ర డబ్బా మీదో బోర్డు మీదో ఉందా అని చూడాలి.

కాబట్టి నా మొదటి ఎంపిక బి75. ఆఫీసుల కోసం చేసిన చిప్‌సెట్ కావడంతో హంగులు తక్కువ, అక్కరకొచ్చేవి ఎక్కువ. 6 జీబీపీఎస్ సాటా పోర్టు ఒకటి ఉంటుంది, అది ఎస్‌ఎస్‌డీకి సరిపోతుంది. మిగతా సాటా పోర్టులు 3 జీబీపీఎస్‌వి. యూఎస్‌బీ 3.0 చిప్‌సెట్‌లోనే ఉంది. హెచ్61లో ఈ రెండూ సొంతంగా లేవు. హెచ్77, జెడ్77 దొరికినా మంచిదే కానీ జెడ్77 ఓవర్‌క్లాకింగ్ బోర్డు, అంటే ప్రాసెసర్‌ను మామూలు వేగాన్ని మించి నడిపేది, దాన్ని పాత యజమాని ఎంత వేడిలో నడిపాడో మనకు తెలియదు. ఆఫీసులో రోజూ పది గంటలు ఎక్సెల్ నడిపిన బి75 మీద నాకు ఎక్కువ నమ్మకం.

ప్యారలల్ పోర్టు చిప్‌సెట్ నుంచి రాదు. బోర్డు మీద ఉండే సూపర్ ఐఓ అనే చిన్న చిప్ ఇస్తుంది. కాబట్టి అది ఉందా లేదా అనేది బోర్డు బోర్డుకూ మారుతుంది, కళ్లతో చూసుకోవాల్సిందే.

జూలై 16

పొద్దున ఆరింటి బస్సు. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి ప్యారడైజ్‌లో దిగాను. అక్కడి నుంచి పార్క్‌లేన్‌కు నడక. సంచిలో ప్రాసెసర్, ర్యాములు, కూలర్, చిన్న స్పీకరు, మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్, ఫోన్ టార్చి, స్టాంపులు చూసే భూతద్దం. మా వస్తువులతోనే పరీక్షించాలని ముందే అనుకున్నాను.

కింది అంతస్తుల షాపుల్లో అంతా కొత్త సరుకే. పాత బోర్డులు పైన, లోపలికి వెళ్తే దొరుకుతాయి. మొదటి షాపులో బి75 అడగగానే ఇచ్చారు, 1,800. సాకెట్ మీద ప్లాస్టిక్ మూత లేదు. అక్కడే అనుమానం వచ్చింది. ఈ సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డుకే ఉంటాయి. 1,155 పిన్నులు, ఒక్కోటి వెంట్రుక మందం. మూత లేకుండా పెట్టెలో పడేస్తే పైన ఏ స్క్రూ పడ్డా వంగిపోతాయి. టార్చి ఒక వైపు నుంచి ఏటవాలుగా కొట్టి చూస్తే మంచి సాకెట్‌లో పిన్నుల కొసలన్నీ నాటు వేసిన మడిలా ఒకే వరుసలో మెరుస్తాయి. బోర్డును పావు చుట్టు తిప్పి మళ్లీ చూడాలి, అలా నాలుగు వైపులా. మూడో వైపు తిప్పగానే మూల దగ్గర రెండు కొసలు మెరవలేదు. భూతద్దంలో చూస్తే ఒకటి పక్క పిన్ను మీదికి ఒరిగి ఉంది. షాపతను "ఏం కాదు అన్నా, సూదితో లేపితే అయిపోతది" అన్నాడు. లేపొచ్చు. కానీ ఒకసారి వంగి లేచిన పిన్ను ఎన్నాళ్లు పట్టు నిలుపుతుందో ఎవరికీ తెలియదు. దండం పెట్టి బయటికొచ్చాను.

రెండో అంతస్తులో ఒక పెద్దాయన షాపు. చుట్టూ గోడల నిండా బోర్డులు, ప్రతి దాని సాకెట్‌కూ మూత ఉంది. అది చూసే లోపలికి వెళ్లాను. బి75 అడిగితే "ఏం పనికి?" అన్నాడు. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. డీటీపీ అని, ప్యారలల్ పోర్టు కావాలని చెప్పాను. మూడు బోర్డులు పక్కన పెట్టి, నిచ్చెన ఎక్కి నాలుగోది తీశాడు. గిగాబైట్ బి75. అంచున రెండు వరుసల్లో పదమూడేసి, అందులో ఒక పిన్ను లేకుండా, మొత్తం 25 పిన్నుల హెడర్ ఉంది. పక్కన ఎల్‌పీటీ, అంటే ప్యారలల్ పోర్టు, అని అచ్చు.

తీరిగ్గా చూశాను. కెపాసిటర్లన్నీ సాలిడ్ రకం, నెత్తి మీద గాట్లు లేని చదునైన డబ్బాలు. పాత ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు నెత్తిన గాటు ఉంటుంది, పాడైతే అక్కడే ఉబ్బుతుంది. 2000 తర్వాత కొన్నేళ్లు లోపలి ద్రవం సరిగా లేని కెపాసిటర్లతో లక్షల బోర్డులు ఇలాగే పోయాయి. వెనక్కి తిప్పి చూస్తే ఎక్కడా తిరిగి టంకం వేసిన జాడ లేదు, టంకం వేసేటప్పుడు వాడే జిగురు ఫ్లక్స్ మరక లేదు. స్క్రూ రంధ్రాల చుట్టూ గీతలు ఒక్కసారి బిగించినట్టే ఉన్నాయి. పిన్నులు నాలుగు వైపులా ఒకే వరుస. బోర్డు మీద సన్నటి దుమ్ము ఉంది. నాకు అది నచ్చింది. మరీ తళతళలాడేలా కడిగిన బోర్డు అయితే ఎందుకు కడిగారో అడగాల్సి వచ్చేది.

"నా ప్రాసెసర్ పెట్టి చూస్తా పెద్దాయనా, గంట పడుతది" అన్నాను. "గంటేంది బిడ్డా, రెండు గంటలు చూసుకో. ఇంటికి పోయినంక ఫోన్ చేసుడు కన్నా అదే మంచిది" అని బల్ల మీద జాగా చేశాడు. నా ప్రాసెసర్ నేనే పెట్టాను. గాటు చూసుకుని దించి, లివర్ నొక్కితే కిర్రుమంది. ఆ చప్పుడుకు ఎప్పుడూ గుండె ఝల్లుమంటుంది, కానీ అది మామూలే. ర్యాము లేకుండా ఆన్ చేస్తే బీప్‌లు వచ్చాయి. పెట్టాక డిస్‌ప్లే. బయోస్‌లో ప్రాసెసర్ పేరు సరిగా చూపింది. నాలుగు స్లాట్లలోనూ ఒక్కో ర్యాము మార్చి మార్చి పెట్టాను. అన్ని సాటా పోర్టులకూ డిస్కు తగిలించాను. యూఎస్‌బీ పోర్టు పోర్టుకూ పెన్‌డ్రైవ్. మధ్యలో ఆయన టీ తెప్పించాడు. చిప్‌సెట్ హీట్‌సింక్ మీద వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది.

2,600 అన్నాడు, 2,400కు ఇచ్చాడు. నెల రోజులు నోటి మాట వారంటీ. ప్యారలల్ బ్రాకెట్ డబ్బాలో వెతికి 80 రూపాయలకు ఇచ్చాడు. వెనక బిగించే రేకు, ఐఓ షీల్డ్, లేదన్నాడు. పాత బోర్డులకు అది దాదాపు ఎప్పుడూ దొరకదు.

జూలై 17

ఇంట్లో అట్టముక్క మీద మెమ్‌టెస్ట్, నిన్న రాత్రి పది నుంచి ఈ పొద్దున ఏడు దాకా. తప్పులు సున్నా. పగలు లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి లేపి నాలుగు కోర్లనూ మూడు గంటలు పూర్తి లోడు మీద నడిపాను. కొత్త పేస్టు రాసిన పాత కూలర్‌తో ప్రాసెసర్ 66 డిగ్రీల దగ్గర నిలబడింది. ఒక్కసారీ రీస్టార్ట్ కాలేదు. బ్యాటరీ 2.6 వోల్టులు చూపితే కొత్త సీఆర్2032 వేశాను.

జూలై 18

ఈ రోజు జరిగింది మొత్తం ప్రాజెక్టులో ముఖ్యమైనది.

పాత బోర్డు విప్పి, క్యాబినెట్ తుడిచి, కొత్తది పెట్టాను. బోర్డు రేకుకు ఆనకుండా ఎత్తి పట్టే స్టాండాఫ్‌లు సరిచూసుకున్నాను. రంధ్రం లేని చోట ఒక స్టాండాఫ్ మిగిలి ఉంటే బోర్డు వెనక షార్ట్ అవుతుంది. పవర్ బటన్, రీసెట్, లైట్ల వైర్లు పెట్టాను. చివరికి ముందు వైపు యూఎస్‌బీ వైరు హెడర్‌కు తగిలించబోయాను.

ఎందుకో ముందు పోర్టు వైపు చూశాను. ఇరవై మంది కస్టమర్లు రోజంతా పెన్‌డ్రైవ్‌లు పెట్టి తీసే పోర్టు అది. టార్చి వేసి చూస్తే లోపల ఉండాల్సిన తెల్ల ప్లాస్టిక్ నాలుక లేదు. విరిగి ఎప్పుడో పడిపోయింది. నాలుగు రాగి రేకులు గాల్లో వంగి ఉన్నాయి, రెండు ఒకదానికొకటి ఆనుకుని. మల్టీమీటర్ కంటిన్యూటీలో పెట్టి అవతలి కనెక్టర్ దగ్గర ఎరుపు, తెలుపు వైర్ల మీద ముళ్లు ఆనించాను. కూ... అని మోగింది.

ఎరుపు అంటే 5 వోల్టులు. తెలుపు, ఆకుపచ్చ డేటా వైర్లు. ఆ డేటా వైర్లు నేరుగా చిప్‌సెట్‌కు వెళ్తాయి. మధ్యలో అడ్డుకునేది పెద్దగా ఏమీ ఉండదు. తక్కువ వోల్టేజీకి చేసిన గీత మీద 5 వోల్టులు పడితే చిప్‌సెట్ లోపల కాలుతుంది. జూలై 5న నా వేలు కాలిన చోటు అదే.

పాత బోర్డు వయసైపోయి పోయిందనుకున్నాను. అది దానంతట అది పోలేదు, ఈ పోర్టు చంపింది. వైరు తగిలించి ఆన్ చేసి ఉంటే పెద్దాయన ఇచ్చిన బోర్డు కూడా ఈ పూటే పోయేది, నేను ఆయన్ను అనుమానించేవాణ్ని. కాసేపు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి అలాగే కూర్చున్నాను.

ముందు యూఎస్‌బీ వైరును కత్తిరించి పూర్తిగా తీసేశాను. మళ్లీ ఎవరూ తగిలించకుండా క్యాబినెట్ ముందు రంధ్రాన్ని టేపు వేసి మూశాను. వెనక పోర్టు నుంచి రెండు గజాల ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి కౌంటర్ మీద బిగించాను. అది పాడైతే కేబుల్ మార్చుకుంటే చాలు. బోర్డు మార్చాలనుకునేవాళ్లంతా పాత క్యాబినెట్ ముందు పోర్టులను ముందు పరీక్షించండి. నాకు ఇది పదిహేను రోజుల తర్వాత గుర్తొచ్చింది.

ఐఓ షీల్డ్ బదులు నాన్న విజిటింగ్ కార్డుల పీవీసీ షీటు కొలత తీసి, పోర్టులకు రంధ్రాలు కోసి ఇచ్చాడు. బల్లులు, బొద్దింకలు దూరకుండా అది ఉండాలి. ముప్పావు గంట పట్టింది ఆయనకు, అంచులు గీసినట్టు వచ్చాయి.

జూలై 19

ఎస్‌ఎస్‌డీలోకి ఇమేజ్ ఎక్కించి, తెల్ల సాటా పోర్టులో పెట్టి లేపాను. ఏది 6 జీబీపీఎస్ పోర్టో బోర్డు మాన్యువల్‌లో చూసుకున్నాను, రంగు చూసి నమ్మలేదు. విండోస్ లోగో వచ్చి, నీలం తెర మెరిసి, రీస్టార్ట్. ఎఫ్8 నొక్కి ఆటో రీస్టార్ట్ ఆపి చూస్తే స్టాప్ కోడ్ చివర 7బి. అంటే విండోస్‌కు డిస్కు కనిపించడం లేదు. పాత బోర్డులో సాటా మోడ్, అంటే బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి, పాత రకం ఐడీఈగా పెట్టి ఉండాలి, ఈ బయోస్‌లో కొత్త రకం ఏహెచ్‌సీఐ ఉంది. బయోస్‌లో ఐడీఈకి మార్చగానే నేరుగా డెస్క్‌టాప్ వచ్చింది. డెస్క్‌టాప్ మీద నాన్న ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే.

తర్వాత విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో ఎంఎస్‌ఏహెచ్‌సీఐ సర్వీసు స్టార్ట్ విలువను 3 నుంచి 0 చేసి, రీస్టార్ట్ చేస్తూ బయోస్‌ను ఏహెచ్‌సీఐకి మార్చాను. ఈసారి లేచింది. ఇలా వెళ్లాల్సిన వరుస ఇదే, ముందు ఐడీఈలో లేపి, రిజిస్ట్రీ మార్చి, ఆ తర్వాత మోడ్.

విండోస్ 7కు యూఎస్‌బీ 3.0 డ్రైవర్ సొంతంగా ఉండదు. నీలం పోర్టుల్లో మౌస్ కదల్లేదు, నల్ల పోర్టులో పెడితే కదిలింది. చిప్‌సెట్, యూఎస్‌బీ డ్రైవర్లు లాప్‌టాప్‌లో ముందే దింపి పెట్టుకున్నాను. యాక్టివేషన్ మళ్లీ అడిగింది. 2012లో నాన్న కొన్న రిటైల్ డబ్బా అటక మీద దొరికింది, ఫోన్ యాక్టివేషన్‌తో పూర్తయింది. బోర్డుతో ముడిపడి ఉండే ఓఈఎం లైసెన్సు అయితే ఇంత తేలిగ్గా కాకపోయేది.

జూలై 21

ప్యారలల్ బ్రాకెట్ బిగించి, ప్రింటరు తగిలించాం. నాన్నే కూర్చున్నాడు. పేజ్‌మేకర్ తెరిచి, ఒక పాత పత్రిక తీసి, బటర్ పేపర్ పెట్టాడు. ప్రింటరు కాసేపు గుర్రుమని, పేపర్ బయటికొచ్చింది. వెలుతురుకు పట్టి చూశాడు. నల్లదనం చిక్కగా ఉంది, సన్న గీతలు ఎక్కడా తెగలేదు. 'శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు' నుంచి కింది పేరు దాకా వేలు పెట్టి చదివాడు. ఒత్తులన్నీ సరిగా ఉన్నాయి.

జూలై 24

అమావాస్య. మూడు రోజులుగా సిస్టమ్ రోజంతా నడుస్తోంది. పేజ్‌మేకర్ మునుపటికన్నా సగం సమయంలో తెరుచుకుంటోంది, అది ఎస్‌ఎస్‌డీ పుణ్యం. బోర్డు వేడి చూడటం నాన్నకు అలవాటైంది, మధ్యాహ్నం క్యాబినెట్ పక్క డోరు మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. ఖర్చు: బోర్డు 2,400, బ్రాకెట్ 80, బ్యాటరీ 40, పేస్టు 120, ఎక్స్‌టెన్షన్ కేబుల్ 150. ఎస్‌ఎస్‌డీ వేరు.

ఇంకా మిగిలిన పనులు: ప్రతి ఆదివారం 1 టీబీ డిస్కులోకి బ్యాకప్. క్యాబినెట్ ఫ్యాన్ చప్పుడు చేస్తోంది, మార్చాలి. పెద్దాయన దగ్గర ఇలాంటి బి75 ఇంకొకటి ఉందన్నాడు, డబ్బులు కూడినాక అదీ తెచ్చి సాకెట్ మూతతో అటక మీద పెట్టాలి.

రేపటికి మూడు పత్రికల ఆర్డర్లు ఉన్నాయి. అందులో ఒకటి 2014లో కొట్టిన ఇంటిదే. నాన్న ఫైలు ముందే తీసి పెట్టుకున్నాడు.